.44 మాగ్నమ్ కావాలంటున్న ఎర్రగుంట్ల పాఠకుడికి

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ళ క్వారీ ఉంది. పోయిన వేసవిలో విజిటర్ వీసా మీద డల్లాస్‌లోని బావమరిది ఇంటికి వెళ్ళాను. అతనికి గ్రీన్ కార్డు ఉంది. షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్ళి .44 మాగ్నమ్ రివాల్వర్ చేతికిచ్చాడు. ఆరు రౌండ్లు కాల్చాను. ఆ కిక్ ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా. కేవలం సరదాకి ఒక పెద్ద కాలిబర్ రివాల్వర్ కొనుక్కోవాలని ఉంది. .357, .44, .500 లలో ఏది మేలు? ఇక్కడ దొరికే .32 బొమ్మ తుపాకీ అంటున్నారు, నిజమేనా? మా క్వారీకి మూడు వైపులా రాతి గోడే, ఆదివారం మనిషి తిరగడు. అక్కడ కాల్చుకోవచ్చు కదా? మా ఆవిడకు ఇదంతా ససేమిరా ఇష్టం లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

సమాధానం: ముందు సూటిగా చెప్పేస్తాను, తర్వాత కారణాలు చూద్దాం. డల్లాస్‌లో కాల్చుకోవడానికైతే .357 రివాల్వర్‌ను ఎంచుకుని, అందులో .38 స్పెషల్ తూటాలు వేసుకోండి. ఎర్రగుంట్లలో అయితే ఏ రివాల్వరూ కొనొద్దు. క్వారీలో మాత్రం దేన్నీ పేల్చొద్దు. (ఈ .357, .44 అంకెలు గుండు మందాన్ని సుమారుగా అంగుళాల్లో చెప్పేవి. మాగ్నమ్ అంటే ఎక్కువ ఘాటున్న తూటా.)

మీరు ఆరు రౌండ్లు కాల్చానని రాశారు గానీ, వాటిలో ఎన్ని టార్గెట్‌కు తగిలాయో రాయలేదు. రాయకపోవడానికి కారణం నాకు తెలుసు. మొదటిది ఎక్కడో తగిలి ఉంటుంది, మిగతావి కిందికి దిగిపోయి ఉంటాయి. ఇది మీ చేతకానితనం కాదు. .44 మాగ్నమ్ తూటా పదిహేను గ్రాముల పైచిలుకు సీసపు గుండును సెకనుకు సుమారు 400 మీటర్ల వేగంతో తోస్తుంది. శక్తి లెక్కలో 1,200 జౌళ్ళకు పైమాటే. అమెరికాలో వేటగాళ్ళు జింకల కోసం, ఎలుగుబంట్ల నుంచి కాపాడుకోవడం కోసం వాడుకునే తూటా అది, 1955లో వచ్చింది. అంత దెబ్బ అరచేతికి ఒకసారి తగిలాక శరీరం నేర్చుకుంటుంది. రెండో రౌండుకు మీ ప్రమేయం లేకుండానే, ట్రిగ్గర్ పడే లోపే కన్ను మూసుకుంటుంది, మణికట్టు తుపాకీని కిందికి నొక్కుతుంది. గుండు కిందికి పోతుంది.

ఈ ఉలికిపాటు ఒకసారి పట్టుకుంటే చిన్న తుపాకీ పట్టుకున్నా వదలదు. నేను ఆయుధాలు భద్రపరిచే ఆర్మరీలో పనిచేసిన రోజుల్లో చేతి బలం బాగా ఉన్న కుర్రాళ్ళకే ఇది ఎక్కువగా చూశాను. బలంతో దీన్ని అణచలేరు. తగ్గించుకునే మార్గం రివాల్వర్‌లోనే ఉంది. పక్కనున్న మనిషి మీకు కనపడకుండా సిలిండర్‌లో రెండు మూడు గదుల్లో మంచి తూటాలు, మిగతా వాటిలో కాల్చేసిన ఖాళీ డొల్లలు వేసి, ఒకసారి తిప్పి మూసి ఇస్తాడు. ఏది పేలుతుందో ఏది పేలదో మీకు తెలియదు. ఖాళీ డొల్ల మీద హ్యామర్ (తూటాను వెనక నుంచి కొట్టే సుత్తి) పడ్డప్పుడు బ్యారెల్ ముక్కు కిందికి వంగిందంటే, ఉలికిపాటు మీ కళ్ళ ముందే బయటపడ్డట్టు. వంగడం ఆగేదాకా ఇదే అభ్యాసం. దీన్ని .44 తో చేయబోతే చెయ్యి ముందే అలిసిపోతుంది, .38 తో అయితే గంటసేపు హాయిగా చేయొచ్చు.

నా వాదన మొత్తం ఇక్కడే ఉంది. షూటింగ్ సరదా తుపాకీ పెద్దదనంలో లేదు, ఒక పూటలో తృప్తిగా ఎన్ని రౌండ్లు కాల్చగలిగారు, అవి ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయి అన్నదాంట్లో ఉంది.

ఇక మీరడిగిన మూడింటి సంగతి. .500 స్మిత్ అండ్ వెసన్ 2003లో వచ్చింది. సిలిండర్‌లో ఆరు కాదు, ఐదే గదులు. పొడుగు బ్యారెల్ మోడల్ రెండు కిలోలు తూగుతుంది. శక్తి .44 కు దాదాపు మూడింతలు. ఒక్కో తూటా రెండు మూడు డాలర్లు. ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ నంజుకుంటాం గానీ, ఉత్త మిరపకాయలతో టిఫిన్ కానివ్వం కదా, .500 తో పూటంతా కాల్చడం అలాంటిదే. దాంట్లో ఒక ప్రమాదం ప్రత్యేకంగా ఉంది. పేలగానే తుపాకీ పైకి లేచి వెనక్కి వస్తుంది, జారిపోతుందేమోనని వేళ్ళు బిగుసుకుంటాయి, ఆ బిగింపులో చూపుడు వేలు ట్రిగ్గర్‌ను మళ్ళీ లాగేస్తుంది. రెండో గుండు ఆకాశం వైపో, ఇంకా వెనక్కో పోతుంది. అందుకే తెలిసిన రేంజ్ మాస్టర్ కొత్తవాళ్ళకు ఇలాంటివి ఇచ్చేటప్పుడు సిలిండర్‌లో ఒక్కటే తూటా వేసి ఇస్తాడు. మీ బావమరిది .44 లో మొదటిసారే ఆరూ నింపి ఇచ్చాడంటే, అతనికి కూడా ఎవరైనా చెప్పాల్సిన అవసరం ఉంది.

.44 కావాలని మరీ పట్టుబడితే ఒక దారి ఉంది. .44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్ అనే పాత తూటా కూడా పడుతుంది. 1907 నాటిది, మెత్తగా తంతుంది. పెద్ద గుండు, పెద్ద రంధ్రం, తక్కువ దెబ్బ. దాని ఖరీదూ, దొరకడమూ .38 అంత సులువు కాదు, అంతే ఇబ్బంది.

.357 మాగ్నమ్ 1935లో వచ్చింది. .38 స్పెషల్ డొల్లనే మూడు మిల్లీమీటర్ల చిల్లర పొడుగు పెంచి చేశారు. పొడుగు పెంచడంలో ఒక జాగ్రత్త ఉంది: .357 తూటా పాత .38 రివాల్వర్‌లోకి పూర్తిగా దూరదు, కాబట్టి పొరపాటున వేసి తుపాకీ పగలగొట్టుకునే అవకాశం చాలా తక్కువ. తిరగేస్తే మాత్రం కుదురుతుంది: .357 రివాల్వర్‌లో .38 నిక్షేపంగా పేలుతుంది. అంటే ఒకే తుపాకీలో 300 జౌళ్ళ లోపు మెత్తటి తూటా, 700 జౌళ్ళ ఘాటు తూటా రెండూ. పూటంతా .38 కాల్చుకుని, చివర్లో ఒక సిలిండర్ నిండా .357 వేసుకుంటే మీరడుగుతున్న కిక్కూ దొరుకుతుంది. ఒకటే చిక్కు. పొట్టి తూటాలు ఎక్కువగా కాలిస్తే సిలిండర్ గదుల్లో మసి ఒక వలయంలా పేరుకుంటుంది, తర్వాత పొడుగు తూటా అక్కడ ఇరుక్కుంటుంది. మార్చే ముందు బ్రష్‌తో ఒకసారి తోమాలి.

అక్కడి షాపుల్లో స్మిత్ అండ్ వెసన్ 686, రూగర్ జీపీ100 అనే రెండు మోడళ్ళు ఎక్కడైనా కనిపిస్తాయి. రెండూ ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. కోల్ట్ పైథాన్ అందంగా ఉంటుంది, డబ్బులు అందానికే ఎక్కువ పోతాయి. ఆరు అంగుళాల బ్యారెల్, ఉక్కు శరీరం, గురి చూడటానికి అటూ ఇటూ జరుపుకునే వెనక సైట్, రబ్బరు పిడి ఉన్నది అడగమని మీ బావమరిదికి చెప్పండి. కిలోంపావు దాకా బరువుండటం లోపం కాదు, ఆ బరువే దెబ్బను మింగుతుంది. తేలిక మిశ్రమలోహంతో చేసిన చిన్న .357 లు జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళ కోసం. వాటితో సరదాగా కాల్చినవాళ్ళను నేను చూడలేదు.

చేతి కొలత కూడా ముఖ్యం. పిడి పట్టుకుని, హ్యామర్ ఎత్తకుండా, చూపుడు వేలు మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద సరిగ్గా ఆనాలి. దానికోసం చెయ్యి పక్కకు తిప్పాల్సి వస్తే ఆ పిడి మీకు పెద్దదైనట్టు. హ్యామర్ ఎత్తకుండా లాగితే ట్రిగ్గర్ ఐదు కిలోల దాకా బరువుంటుంది, ముందే బొటనవేలితో ఎత్తిపెట్టుకుంటే రెండు కిలోలకు అటూ ఇటూ. మొదట ఎత్తిపెట్టి కాల్చడం నేర్చుకోండి.

ఎడమచేతి బొటనవేలు ఎక్కడుందో చూసుకోండి. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సన్నని సందు ఉంటుంది, పేలినప్పుడు అందులోంచి నిప్పులాంటి గ్యాస్ పక్కలకు చిమ్ముతుంది. పిస్టల్ పట్టుకున్న అలవాటుతో బొటనవేలు ముందుకు చాపితే కాలుతుంది, పెద్ద మాగ్నమ్‌లలో వేలే చీలిపోతుంది. చెవులకు, కప్పు ఉన్న రేంజ్‌లో, లోపల ప్లగ్గులూ పైన చెవిని కప్పే మఫ్‌లూ రెండూ పెట్టుకోవాలి. 140 డెసిబెల్స్ దాటిన ఒక్క చప్పుడు చాలు చెవికి శాశ్వతంగా నష్టం చేయడానికి, మాగ్నమ్ రివాల్వర్ 160 దాటుతుంది. క్వారీ బ్లాస్టింగ్‌కు అలవాటు పడ్డ చెవులు నావి అనుకోవద్దు, చెవి అలవాటు పడదు, చెడిపోతుంది. ఇంటికొచ్చాక సీసం అంటిన చేతులు కడుక్కోకుండా పిల్లలను ఎత్తుకోకండి.

డల్లాస్ గురించి ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం విజిటర్, హెచ్1బీ, స్టూడెంట్ లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా, బావమరిది చేతికిచ్చినా అదే లెక్క. మినహాయింపులు కొన్నే. వాటిలో తేలికైనది, అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు దగ్గర ఉండటం. ఊరివాళ్ళు కానివాళ్ళకూ దాన్ని అమ్ముతారు, వేటకు పోవాలనేం లేదు. మీరు పోయినసారి అది తీసుకున్నారో లేదో రాయలేదు. ఈసారి వెళ్ళాక రేంజ్ మెట్లు ఎక్కే ముందే తీసుకోండి, అనుమానం ఉంటే అక్కడి లాయర్‌ను ఒక మాట అడగండి. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీ బావమరిది తన పేరున, తన కోసం కొనుక్కోవచ్చు. మీరు డబ్బులిచ్చి మీ కోసం అతని పేరున కొనిపించడం మాత్రం అక్కడ పెద్ద నేరం.

ఇప్పుడు ఇంటికి వద్దాం. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు నడుస్తున్నాయి. సైన్యం, పోలీసులు వాడుతూ వచ్చిన తూటాలు పట్టే బోర్లు (గొట్టం రంధ్రం కొలతలు) సామాన్యుడికి నిషేధం: రివాల్వర్లలో .380, .455, పిస్టళ్ళలో సర్వీసు 9 ఎంఎం లాంటివి. .357, .44 ఆ జాబితాలో లేవన్నమాట నిజమే. కానీ విదేశీ తుపాకుల దిగుమతి మామూలు జనానికి 1980ల నుంచే మూతపడింది. అప్పటికి దేశంలో ఉన్న పాత సరుకే చేతులు మారుతూ లక్షలు పలుకుతోంది, వాటికి తూటాలు దొరకడం అంతకన్నా కష్టం. లక్షలు పోసి కొని, బీరువాలో పెట్టి, ఏడాదికోసారి నూనె రాసుకునే వస్తువు అవుతుంది.

లైసెన్సు కోసం కలెక్టరేట్‌కు దరఖాస్తు పెడితే పోలీసు విచారణ జరుగుతుంది. ఎందుకు కావాలో కారణం చెప్పాలి. టార్గెట్ ప్రాక్టీసు అని చట్టం పేరుపెట్టి చెప్పింది .22 రైఫిలు, ఎయిర్ రైఫిలు గురించి, అదీ గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యులకు. రివాల్వర్‌కు జనం రాసే కారణం ప్రాణరక్షణ. మీకు ప్రాణభయం లేదు, ఉందని రాయడం అబద్ధం. అదీగాక మన సీమలో తుపాకీ లైసెన్సు ఫైలు మీద ఆఫీసర్ల చూపు వేరేగా ఉంటుంది, ఎందుకో కడప జిల్లావాసికి నేను చెప్పక్కర్లేదు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ స్టేషన్‌లో డిపాజిట్ చేయండి అని నోటీసు వస్తుంది, అయిపోయాక మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవాలి. పేలుడు పదార్థాల లైసెన్సుతో క్వారీ నడుపుతున్న మనిషి ఇంకో ఆయుధం ఫైలు కూడా నెత్తినెత్తుకుంటే, రెండింటి టెన్షన్ ఒకేసారి.

క్వారీ సంగతి. తుపాకీ లైసెన్సు ఉంటే ఎక్కడైనా కాల్చుకోవచ్చన్న భ్రమ చాలామందిలో ఉంది. కుదరదు. నిర్లక్ష్యంగానో వేడుక కోసమో కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే, 2019లో తెచ్చిన సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం పక్కన పెట్టినా, మీరు భద్రం అనుకుంటున్న ఆ రాతి గోడే అసలు ముప్పు. రేంజ్‌లలో గుండు ఆపడానికి మెత్తటి మట్టికట్ట వేస్తారు, రాళ్ళు ఏరేసి మరీ. మట్టి గుండును మింగుతుంది, నాపరాయి తిప్పి కొడుతుంది. ఏటవాలుగా తగిలిన గుండు ఎటు పోతుందో మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. ఎదురుగా తగిలితే ముక్కలై, రాతి పెళ్ళలతో కలిసి మీ మొహం మీదికే వస్తుంది. మూడు వైపులా గోడ ఉందంటే మూడు వైపుల నుంచీ వస్తుందని అర్థం. గోడ దాటి పైకి లేచిన మాగ్నమ్ గుండు కిలోమీటరు దాటి పోగలదు. ఆదివారం క్వారీలో మనిషి ఉండడేమో, గుట్ట అవతల గొర్రెలు తోలుకునేవాడు ఉంటాడు.

కడప, కర్నూలు, అనంతపురాల్లో పోలీసు బెటాలియన్లకు ఫైరింగ్ రేంజ్‌లు ఉన్నాయి, అవి వాళ్ళ శిక్షణ కోసం. మీరు తుపాకీ పేల్చాలంటే రైఫిల్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకుని హైదరాబాద్ గచ్చిబౌలి రేంజ్ లాంటి చోటికో, బెంగళూరుకో వెళ్ళాలి. నెలకోసారైనా వెళ్ళే ఓపిక ఉంటే అది మంచి దారి, క్లబ్ తుపాకీతో .22 కాల్చొచ్చు, ఇంట్లో ఏదీ పెట్టుకోనక్కర్లేదు.

.32 బొమ్మ తుపాకీ అన్నవాడెవరో గానీ, వాడికి సగమే తెలుసు. కాన్పూర్‌లో తయారయ్యే మన .32 రివాల్వర్లు, 2014లో వచ్చిన అరకిలో నిర్భీక్ గానీ, 2023లో వచ్చిన ప్రబల్ గానీ, దగ్గర పెట్టుకు తిరగడానికి చేసినవి. సరదా షూటింగ్‌కు పనికిరావు, ఆ మాట నిజం. పొట్టి బ్యారెల్, బరువు ట్రిగ్గర్. కానీ తప్పు తూటాది కాదు. వాటిలో పడే .32 లాంగ్ తూటా శక్తి 150 జౌళ్ళ చుట్టూ ఉంటుంది, సరిగ్గా అందుకే అంతర్జాతీయ సెంటర్ ఫైర్ (అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే తూటా) పిస్టల్ పోటీల్లో షూటర్లు ఏళ్ళ తరబడి దాన్నే ఎంచుకున్నారు. తన్నదు, చెప్పిన చోటికి పోతుంది. మన జస్పాల్ రాణా 2006 దోహా ఆసియా క్రీడల్లో 600కి 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేసింది ఈ సెంటర్ ఫైర్ ఈవెంట్‌లోనే. అందులో 9.65 మిల్లీమీటర్ల కంటే పెద్ద బోరుకు చోటే లేదు. మీ .44 ను గేటు దగ్గరే ఆపేస్తారు.

ఎర్రగుంట్లలో ఏం చేయాలంటే, .177 బోరు ఎయిర్ పిస్టల్ కొనుక్కోండి. 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్నదానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చూపించి బిల్లుతో కొనాలి. మను భాకర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు తెచ్చిన ఆట ఇదే. పది మీటర్లు, అంటే 33 అడుగుల పైచిలుకు నిడివి ఉన్న గది చాలు. కాగితం మీద పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలి గోరంత. దాన్ని ఒంటి చేత్తో వరసగా కొట్టడం ఎంత కష్టమో మొదటి రోజే తెలుస్తుంది. టార్గెట్ వెనక పెల్లెట్లను (ఎయిర్ పిస్టల్ గుళ్ళను) పట్టుకునే ఇనుప ట్రాప్, దాని వెనక మందపాటి ప్లైవుడ్ పెట్టండి, ఒట్టి బండ గోడ మీదికి కాల్చకండి, పెల్లెట్ కూడా తిరిగొస్తుంది. గదిలో ఎవరున్నా కళ్ళద్దాలు తప్పనిసరి. తలుపు గడియ లోపలి నుంచి వేసుకుని కాల్చండి, అయిపోయాక పిస్టల్ తాళం వేసిన పెట్టెలోకి, పెల్లెట్లు వేరే చోటికి. ఎయిర్ పిస్టలే కదా అని బల్ల మీద వదిలేస్తే ఇద్దరు పిల్లల్లో ఒకరి కన్ను పోవడానికి అది చాలు.

మీ ఆవిడగారి ససేమిరాలో తుపాకీ అంటే భయం ఎంతో, క్వారీ అంటే భయం ఎంతో అడిగి తెలుసుకోండి. నా అంచనా, ఇంట్లో రివాల్వర్ లేదని, క్వారీ ఊసు వదిలేశారని తెలిస్తే పది మీటర్ల గదికి ఆవిడ అడ్డు చెప్పరు. ఆవిడతో కూడా పది పెల్లెట్లు కాల్పించండి. చేతిలో ఉలికిపాటు లేనివాళ్ళు మొదటి రోజే బాగా కొడతారు, మీకంటే మంచి కార్డు వస్తే ఆశ్చర్యపోకండి.

చివరగా, మళ్ళీ డల్లాస్ వెళ్ళినప్పుడు రేంజ్‌కు తీసుకెళ్ళిన సంచి వేరు, విమానం సంచి వేరు పెట్టుకోండి. గుర్తుగా ఉంటుందని జేబులో వేసుకున్న ఒక్క తూటా మన ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపించిందంటే ఆయుధాల చట్టం కింద కేసు. తెలియక జరిగిందని కోర్టులు ఇలాంటి కేసులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి గానీ, అప్పటిదాకా తిరగాల్సింది మీరే. ప్యాంటు జేబులు, షేవింగ్ కిట్టు, బ్యాక్‌ప్యాక్ అడుగు కుట్టు కూడా విదిలించి చూసుకుని మరీ ఎక్కండి.